చౌక యంత్రము – చెరగని సిరా



గతమాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము చాలసేపు ఆలోచింపజేసినది. ఒక సోదరి తన యింటి ముందరి గదిలో చిన్న కుట్టుపని కార్యాలయమును నెలకొల్పుకొన్నదట. ముగ్గురు పడుచులు ఆమెకడ పని నేర్చుకొనుచున్నారు. కొలతల చీటీలు, బిల్లులు, హాజరుపట్టీ, బ్యాంకువారికి పంపవలసిన లెక్కలు, వీనికన్నిటికిని మాటిమాటికి బజారునకు పోవలసివచ్చుచున్నదట. మూడువేల చిల్లర రూపాయలకు చిన్న ఇంక్‌జెట్ ప్రింటరు దొరకుచున్నది, కొనవచ్చునా, కూడదా చెప్పుడని ఆమె యడిగినది. "మీ పొదుపుసంఘపు గదిలో నట్టిది వాడుచున్నట్లు లోగడ మీరే వ్రాసితిరి. మంచిచెడ్డలు దాచక చెప్పవలెను" అని తుదను చేర్చినది.

దాచక చెప్పుమన్నది గనుక, మాకు సిగ్గు కలిగించిన సంగతి యొకటి గూడ ఈ మాసము వ్రాయుచున్నాము. వస్తువు కొన్ననాటి సంతోషమును చెప్పుట సులభము. ఆ వస్తువువలన నొక పేదరాలికి కలిగిన కష్టమును చెప్పుట యంత సులభము గాదు. కాని చెప్పనియెడల ఆ సోదరియు మేము చేసిన తప్పే చేయవచ్చును.

మా వీధి స్త్రీలు అరువదినలుగురు కూడి నడుపుకొను పొదుపుసంఘపు లెక్కలు మామీదను, మఱి యిద్దరు నెచ్చెలులమీదను ఉన్నవి. కార్యాలయమన నెంతో గాదు. ఒకరి యింటి వీధిగది. అందొక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇనుపబీరువా, ఒక పాత కంప్యూటరు. 2022వ సంవత్సరమున సంఘపు సొమ్ములో 3,400 రూపాయలు వెచ్చించి ఒక చిన్న ఇంక్‌జెట్ ప్రింటరును కొంటిమి. రెండు జానల వెడల్పు, జానెడున్నర లోతు. బరువు నాలుగు కిలోలకు లోపు. గోడగూటిలో చక్కగా నిమిడిపోయినది. ముద్రించుటయేగాక కాగితమునకు నకలు తీయుటయు దానికి తెలియును. సెల్‌ఫోనునుండి తీగ యక్కరలేకయే పని యందుకొనును. ముద్రించునప్పుడుగూడ పది పదునైదు వాట్ల విద్యుత్తుతో సరిపెట్టుకొనును గనుక, కరెంటు పోయినవేళ ఇన్వర్టరుమీద నిశ్చింతగా నడచును. లేజరు ప్రింటరు అట్లుగాదు. అది నల్లని పొడిని కాగితముపై కరగించి యంటించును గనుక లోపల బాగుగా కాగవలెను. ఆ వేడికి వందలకొలది వాట్లు కావలెను. చిన్న ఇన్వర్టరు ఆ బరువును మోయలేదు.

మొదటిదినములు పండుగవలె గడచినవి. పింఛను దరఖాస్తు యని యొకరు, రేషనుకార్డు నకలు యని యొకరు, పిల్లల ప్రశ్నపత్రమని యొకరు రాగా, ఎవరినిగాని కాదని పంపలేదు. అదివరకు కార్బనుకాగితము పెట్టి చేతివ్రాతతో నిచ్చుచున్న రసీదుపుస్తకమును బీరువాలో పెట్టి తాళము వేసితిమి. కాగితమునకు నాలుగు చొప్పున, పదునారు కాగితములలో అరువదినాలుగు రసీదులును అచ్చువేసి, కత్తెరతో కత్తిరించి, సంతకము చేసి యిచ్చుచుంటిమి. అచ్చురసీదు చేతికి రాగా మా సభ్యురాండ్ర ముఖములు వికసించినవి. మాకును గొంత గర్వము కలిగినదనుట నిజము.

నలువదవనాడు నల్లసిరా యైపోయినది. యంత్రముతోబాటు వచ్చు తొలి కార్ట్రిడ్జిలో పలుమారు సిరా తక్కువగానే యుండునని యప్పుడు తెలిసినది. అంగడిలో విచారింపగా కొత్త నల్లకార్ట్రిడ్జి 850 రూపాయలన్నారు. యంత్రము వెలలో నాలుగవవంతు! అది కొని వాడి లెక్క చూచుకొనగా 170 కాగితములు వచ్చినవి. అనగా కాగితమునకు సిరాయే అయిదు రూపాయలు. మా బజారులో జిరాక్సు కొట్టువాడు అచ్చు కాగితమునకు మూడు రూపాయలే పుచ్చుకొనుచుండెను.

ఇచ్చట కొంచెము ఆగి యంత్రముయొక్క లోపలి సంగతి చెప్పవలెను. అది తెలియనిదే దాని రోగములును దెలియవు, ఖర్చును దెలియదు.

ఈ ప్రింటరులో కాగితమునకు మీదుగా అటునిటు పరుగిడు తల యొకటి కలదు. దాని యడుగున తలవెండ్రుకకన్న సన్నని రంధ్రములు వందలకొలది యుండును. ఆ రంధ్రములనుండి సిరా కణములుగా కాగితముపై బడును. ఒక్కొక్క కణము కొద్ది పికోలీటర్లు మాత్రమే. పికోలీటరన లీటరులో లక్షకోట్లవవంతు. కణము నెట్లు వెలికి నెట్టవలెననుటలో రెండు పద్ధతులు గలవు. ఒకదానిలో రంధ్రము వెనుక చిన్న వేడిపలక యుండును. సెకనులో కొన్ని పదిలక్షలవవంతుల కాలమున అది 300 డిగ్రీలు దాటి వేడెక్కి, సిరాలో నొక ఆవిరిబుడగను పుట్టించును. ఆ బుడగ సిరాను ముందుకు త్రోయును. 1977వ సంవత్సరమున జపానుదేశపు కానన్ కంపెనీలో, సిరానింపిన పిచికారి సూదికి కాలిన సోల్డరింగుకడ్డీ తగులగా సిరా చివ్వున చిమ్మినదట. దానినిజూచి ఈ యుపాయము తోచినదని చెప్పుదురు. రెండవ పద్ధతిలో వేడి లేదు. విద్యుత్తు తగులగానే వంగు నొకవిధమైన స్ఫటికపుపలక సిరాను పిండి వెలికి పంపును. ఎప్సన్ కంపెనీవారి యంత్రములు ఈ రెండవ తీరువి.

ఏ పద్ధతియైనను సిరాలో పాలెక్కువ నీరే. ఆరిపోకుండుటకు గ్లిజరిను వంటి పదార్థములు కలుపుదురు గాని, పదునైదు ఇరువది దినములు వాడక యుంచినచో ఆ సన్నని రంధ్రములలో సిరా యెండి పెళుసుకట్టును. అప్పుడు అచ్చులో తెల్లని గీతలు పడును. గీతలు పోవుటకు యంత్రము తలను కడుగుకొనును. కడుగుటకు వాడునది నీరు గాదు, మనము కొన్న సిరాయే! కడిగిన సిరా లోపలనున్న మెత్తలోనికి పోవును. మెత్త నిండెనని లెక్క తేలిననాడు యంత్రము పనిమాని నిలిచిపోవును. దాని మార్పించుట మఱియొక ఖర్చు. కావున అరుదుగా వాడువారికి ఈ యంత్రమున సిరా కాగితముమీదికన్న మెత్తలోనికే యెక్కువగా పోవును.

వెల సంగతి గూడ చరిత్రలోనే యున్నది. 1984లో అమెరికాలోని హ్యూలెట్ పాకర్డ్ కంపెనీవారు సిరాను, ముద్రించు తలను ఒకే పెట్టెలో నమర్చి, సిరా యైపోగానే పెట్టెను మార్చునట్లు చేసిరి. 1988లో వారి డెస్క్‌జెట్ యంత్రము వెల 995 డాలర్లు. కాలక్రమమున యంత్రము వెల దిగిదిగి వచ్చినది. వర్తకుని లాభము సిరాపెట్టెమీదికి మరలినది. పాలు కొనువానికి చెంబు చౌకగా నిచ్చి, పాలధర పెంచినట్లని మన యింటిభాషలో చెప్పవచ్చును. 2010లో ఎప్సన్ వారు మొదట ఇండోనీషియాదేశమున, సీసాతో సిరా పోసికొను తొట్లుగల యంత్రమును బెట్టిరి. దీనినే ఇంక్‌ట్యాంకు ప్రింటరనుచున్నారు. ఇందు లెక్క తిరుగబడినది. యంత్రము వెల హెచ్చు, సిరా వెల తక్కువ. ఇప్పుడు ఇతర కంపెనీలవారును అట్టివి చేయుచున్నారు.

ఈ సంగతులలో నొకటియు మాకు 2022లో దెలియదు. 850 రూపాయలు మరల మరల పెట్టుటకు మనసొప్పక, మేమొక యుపాయము చేసితిమి. ఆ యుపాయమే మాకు సిగ్గు తెచ్చినది.

2023 నవంబరు మొదటివారమున రసీదులు వేయు సమయమునకు నల్లసిరా మరల నిండుకొన్నది. నల్లపెట్టె తీసివేసి రంగులపెట్టెతోనే నడుపవచ్చునని కంప్యూటరుతెరపై కనబడినది. సరేయని నొక్కితిమి. యంత్రము నీలము, ఎఱుపు, పసుపు మూడింటిని కలిపి నలుపుచేసి ముద్రించినది. చూపునకు నలుపే. కొంచెము ఊదాచాయ యుండినను ఎవరు చూతురు? 850 రూపాయలు మిగిల్చితిమని ముగ్గురమును మురిసితిమి.

డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్లకడ తీరము దాటినది. మా ఊరు తీరమునకు దూరము గాదు. మూడుదినములు విడువని వాన. వాన తెరపి యిచ్చిన తరువాతి వారమున, సంఘమున 10,000 రూపాయలు అప్పుతీసి తోపుడుబండి కొనుక్కొని కూరలమ్ముకొను అవ్వ యొకతె, ఆ నెల వాయిదా 1,000 రూపాయలు తెచ్చినది. కంప్యూటరులో ఆమె లెక్క తెఱచి చూడగా నవంబరు వాయిదా పడలేదు.

"అవ్వా, కార్తికపు వాయిదా కట్టలేదే?" యని యడిగితిమి.

"అదేమి మాట తల్లీ? కట్టినాను. నీ చేతికే యిచ్చినాను. కాగితమిచ్చినావు గదా!" యని కొంగుముడి విప్పినది. లోపల నాలుగుమడతల కాగితము. విప్పితిమి. ఊదారంగు మరక యొకటి, నడుమ తెలుపు, అంచున మా సంతకపుగీత. అచ్చువేసిన పేరు లేదు, తేదీ లేదు, మొత్తము లేదు. బాల్‌పెన్నుతో జేసిన మా సంతకము మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది. ఏమి పుచ్చుకొని చేసితిమో తెలుపని సంతకము!

మేమామెను అబద్ధమాడితివని యనలేదు. "ఇంకొకసారి ఇంట వెదకి చూడుము, అవ్వా, ఇది వేఱొకనెలదేమో" యని మాత్రమంటిమి. ఆ మాటకు ఆమె మావంక చూచి, "కాగితమిచ్చినది మీరు. నీళ్లు పోసినవాడు దేవుడు. నేనేమి చేసినాను తల్లీ?" యని, తెచ్చిన 1,000 రూపాయలును బల్లమీద బెట్టి, రసీదు తీసికొనకయే వెడలిపోయినది. ఆ తరువాత పదునొకండు దినములు మా గడప త్రొక్కలేదు. మా వీధిలో బండి ఆపలేదు. వీధిలో నాడువారు గుసగుసలాడిరి. ఆమె కట్టక బుకాయించుచున్నదని కొందఱు, మేమే సొమ్ము తిన్నామని కొందఱు. రెండవమాట మాకు గ్రుచ్చుకొన్నది. మొదటిమాట ఆమెకెట్లు గ్రుచ్చుకొన్నదో అప్పుడు తెలిసినది.

పండ్రెండవనాడు అదేపేరుగల మఱియొక సభ్యురాలు వాయిదా కట్టుటకు వచ్చి, తన బాకీ చూచుకొని, "వదినా, నాకు 1,000 రూపాయలు తక్కువ చూపుచున్నది, నేను నవంబరులో రెండుమార్లు కట్టలేదే!" యన్నది. అంతట తెలిసినది. ఒకేపేరు రెండు వరుసలలో నుండగా, అవ్వ సొమ్మును మేము క్రిందివరుసలో నెక్కించితిమి. తప్పు మాది. ఆ తప్పును పట్టియిచ్చుటకే గదా రసీదున్నది! ఆ రసీదును 850 రూపాయలకు ఆశపడి నీటిపాలు చేసినదియు మేమే. కార్బనునకలు యుండినచో ఒక్కనిముసమున తేలియుండెడిది. దానిని మానివేసినదియు మేమే.

ముగ్గురమును అవ్వ యింటికి పోయి తప్పొప్పుకొంటిమి. ఆమె "సరేలే తల్లీ, తేలింది గదా" యన్నది. కాని మేము మా చేతివ్రాతతో రసీదు వ్రాసి యిచ్చుదాక కదలలేదు. ఆమెయు అది చేతికందుదాక కూర్చుండుమనలేదు.

సిరా ఎందుకు కరగినది? దీనిని గూర్చి తెలిసికొన్న పిమ్మట మా తాతగారి తాటాకుపుస్తకములు జ్ఞప్తికి వచ్చినవి. గంటముతో గీచిన గీతలలో మసి పూసి తుడుతురు. గీతలలో మసి నిలుచును. తరములు గడచినను అక్షరము నల్లగానే యుండును. కాగితపు వ్రాతకును మనవారు దీపపుమసిని జిగురునీటిలో నూరి సిరా చేసికొనెడివారు. సంస్కృతమున మషీ యన్నను మసీ యన్నను సిరాయే. మన తెలుగున మసి యనగా పొగమసి. మసి నీటిలో కరగదు. అది యతిసూక్ష్మమైన పొడి. నీటిలో తేలుచుండి, కాగితముమీద నీరారగానే పోగులను బట్టుకొని నిలుచును.

నేటి ప్రింటరు సిరాలలోను ఇవే రెండు జాతులు గలవు. ఒకటి రంగు కరగియున్న సిరా. దీనిని డై సిరా యందురు. నీటిలో చక్కెరవలె రంగు కరగియుండును గనుక, మరల నీరు తగిలినచో మరల కరగి పాఱును. ఎండకును వెలయును. చిత్రములకు కాంతి నిచ్చును. రెండవది పొడి తేలుచున్న సిరా. దీనిని పిగ్మెంటు సిరా యందురు. నల్ల పిగ్మెంటు సిరాలో నుండునది సాధారణముగా కార్బను నలుపు; అనగా మన తాతల మసికి దాయాదియే. ఇది తడికి పాఱదు, ఎండకు వెలయదు. చాల చిన్నయంత్రములలో నల్లపెట్టెలో పిగ్మెంటును, రంగులపెట్టెలో డైయును ఉండును. కొన్నిటిలో నలుపుగూడ డైయే. మా మొదటి యంత్రపు నల్లపెట్టెలో మసిసిరాయే యున్నది. దానిని తీసివేసి, రంగులు కలిపిన నలుపుతో రసీదు వేసితిమి. కంటికి రెండును ఒక్కటే, వానకు గాదు.

2024వ సంవత్సరమున 11,500 రూపాయలుపెట్టి తొట్ల ప్రింటరు నొకదానిని కొంటిమి. కొనకముందు అంగడిలో ఒక పరీక్ష చేసితిమి. సోదరీమణు లెల్లరును ఇది తప్పక చేయవలెను. సాదాకాగితముపై నాలుగు పంక్తులు నలుపున అచ్చు వేయించుడు. అయిదునిముసములు ఆరనిండు. పిమ్మట తడివ్రేలితో అక్షరములమీద నొకమారు గట్టిగా రాయుడు. అక్షరము నిలిచినచో అది రసీదులకు పనికివచ్చు సిరా. నీలముగనో ఊదాగనో చారపడినచో, అది పిల్లల బొమ్మలకును పెండ్లిపిలుపులకును తగినదేగాని, సొమ్ముపుచ్చుకొన్న కాగితములకు తగదు. అంగడివాడు విసుగుకొనినను వెనుదీయవలదు.

ఇక లెక్క వినుడు. మాకు నెలకు ఇంచుమించు 200 కాగితములు పడును. పాతయంత్రమున కాగితమునకు సిరా 5 రూపాయలు. నెలకు 1,000 రూపాయలు. కొత్తదానిలో నల్లసిరాసీసా 400 రూపాయలు. దానికి 4,000 కాగితములు వచ్చునని పెట్టెమీద నున్నది. అనగా కాగితమునకు 10 పైసలు. పెట్టెమీది యంకె, నమూనాపుటలను ఎడతెగక ముద్రించి కొలిచినది. మనవలె దినమునకు నాలుగేసి కాగితములు వేసి, నడుమ తల కడిగించుకొనువారికి అన్ని రావు. అందుచే రెండింతలు వేసికొని 20 పైసలనుకొందము. అయినను కాగితమునకు 4 రూపాయల 80 పైసలు మిగులును. రెండు యంత్రముల వెలలకు భేదము 8,100 రూపాయలు. దానిని 4.80చే భాగింపగా 1,688 కాగితములు. నెలకు 200 చొప్పున ఎనిమిదిన్నర నెలలలో హెచ్చువెల తీరిపోవును. కాగితము వెల రెండింటికిని సమానమే గనుక లెక్కలోనికి తీసికొనలేదు.

యంత్రమును కొన్నంతనే సరిపోదు. ఆవును సాకినట్లు సాకవలెను. మేము నేర్చిన కొన్ని నియమములు వ్రాయుచున్నాము.

వారమునకు రెండుమార్లయినను నలుపును రంగులను కలిసివచ్చు కాగిత మొకటి అచ్చు వేయవలెను. మేము సోమవారము, గురువారము తప్పక వేయుదుము. ఆపునప్పుడు యంత్రముమీది మీటతోనే యాపవలెనుగాని గోడస్విచ్చి నొక్కరాదు. మీట నొక్కినచో తల తన చోటికిపోయి రబ్బరుమూతపై కూర్చుండును. గోడస్విచ్చి తటాలున తీసినచో నడిదారిలో తెఱచిననోటితో నిలిచి, సిరా యెండును. తెల్లగీతలు పడినప్పుడు ముందుగా నాజిల్ పరీక్షకాగితము తీయవలెను. గీతలు తెగియున్ననే తల కడిగించవలెను. రెండుమార్లకు బాగుపడనిచో ఊరక మరల మరల కడిగించక, ఒక రాత్రి విడిచి తెల్లవారి చూడవలెను. తడిసి నాని పలుమారు అదియే తెఱచుకొనును.

తొట్టిలోని సిరా క్రిందిగీతకు దిగకముందే నింపవలెను. దిగిపోయినచో గొట్టములలోనికి గాలి దూరి పెద్ద రోగము తెచ్చును. సిరాతో నిండిన యంత్రమును వంచరాదు, తలక్రిందు చేయరాదు. కాగితములకట్టను విప్పి వాననాటి గాలికి పెట్టరాదు. తడిపీల్చి వంగి, రెండురెండుగా లోనికిపోయి చిక్కుకొనును. పొట్లములోనే యుంచి, కావలసినన్ని తీసి, విసనకఱ్ఱవలె ఒకమారు విదిలించి పెట్టవలెను. ఎనుబది గ్రాముల కాగితము మాకు సరిపడినది.

ముద్రించునప్పుడు కంప్యూటరులో కాగితపురకము సాదాదని, రంగు నలుపని చెప్పవలెను. ఫోటోకాగితమని చెప్పినచో కొన్ని యంత్రములు మసిసిరాను మాని రంగులు కలిపి నలుపు చేయును. ఈ చిన్న పొరపాటు మరల మా కథనే తెచ్చిపెట్టును. చిత్తుప్రతులకు డ్రాఫ్టు పద్ధతి చాలును, సిరా మిగులును. రసీదులకు మాత్రము మామూలు పద్ధతియే మేలు. పొరుగువారి ఆధారుకార్డు, బ్యాంకుపుస్తకము నకలు తీసినప్పుడు అద్దముపై అసలు మరచిపోవలదు. చెడిన నకళ్లను చింపియే పారవేయవలెను. అది యితరుల గుట్టు.

అన్నిటికన్న ముఖ్యము, అచ్చురసీదుతోబాటు చేతిలెక్కపుస్తకము విడువరాదు. ఇప్పుడు మేము సభ్యురాలి పేరుతోబాటు వరుససంఖ్య వేయుచున్నాము. రసీదులో మొత్తమును బాల్‌పెన్నుతో అక్షరములలో మేమే వ్రాయుచున్నాము. అదే పంక్తిని చేతిపుస్తకములో వ్రాసి ఆమె సంతకమో వేలిముద్రయో తీసికొనుచున్నాము. మనిషికొక నిముసము పట్టును. అరువదినలుగురకు గంటకుపైగా. ఆ గంట వ్యర్థమని మాకు తోచుట లేదు.

ఇక జాబు వ్రాసిన సోదరికి మా యుత్తరము. అమ్మా, నెలకు నీకెన్ని కాగితములు పడునో ముందు రెండునెలలు గీతలుగీచి లెక్కపెట్టుకొనుము. పదునైదు ఇరువది మాత్రమే యైనచో ఏ ఇంక్‌జెట్టును కొనవలదు, సిరా యెండిపోవును. జిరాక్సుకొట్టే చౌక. నలుపు మాత్రమే కావలసి, అరుదుగా వాడుచు, విద్యుత్తునకు లోటులేనిచో లేజరు మేలు. దాని పొడి యెండునది గాదు. నెలకు నూఱు దాటినచో మూడువేల యంత్రమునకు ఆశపడక, కొన్నినెలలు సొమ్ము కూడబెట్టియైనను తొట్ల ప్రింటరునే కొనుము. అదియు తడివ్రేలి పరీక్షకు నిలిచినదానినే. నీకడ పని నేర్చు పడుచుల హాజరుపట్టీయు జీతపుచీటీయు ఆ సిరాతోనే యచ్చుపడును. రేపు వారిలో నొకతె ఆ చీటీని చూపి తన కష్టార్జితము నడుగవలసిన దినము రావచ్చును.

మా గూటిలో పాతయంత్రము ఇంకను ఉన్నది. నల్లపెట్టె లేదు, రంగులపెట్టె యెండిపోయినది. అమ్మివేయుదమని నెచ్చెలు లనుచున్నారు. కూరలవ్వ మాత్రము వాయిదా కట్టవచ్చినప్పుడెల్ల కొత్తరసీదు చేతికి రాగానే, వ్రేలికి ఉమ్మి యద్దుకొని అక్షరములమీద నొకమారు రాచి, చూచుకొని, నాలుగుమడతలు పెట్టి కొంగున ముడివేసికొనును. మాయెదుటనే చేయును. మేమును ఊరకొని చూచుచుందుము. అట్లు చూచుకొనుట ఆమె హక్కు.